ఇషా నెత్తి మీద చెయ్యి

ఆగస్టు 18, 2012, శనివారం

ఇవాళ ఒక మనిషిని కొట్టాను.

ఇంకో రెండు తగిలించాల్సిందన్న కసి ఇంకా తీరలేదు. ఎవరికీ చెప్పుకోలేను కాబట్టి ఇక్కడ రాసుకుంటున్నాను.

ఇండియన్ స్టోర్ ముందు నిలబడి కరపత్రాలు పంచుతున్నాను. సిటీ కౌన్సిల్‌కి పోటీ చేస్తున్నానని, నవంబర్‌లో ఓటు వెయ్యమని కనపడిన ప్రతివాడికీ దణ్ణం పెడుతున్నాను. ఎండ మాడ్చేస్తోంది. పార్కింగ్ లాట్‌లో ఒకడు పెళ్ళాం మీద అరుస్తున్నాడు. పెరుగు డబ్బా మర్చిపోయిందట. ఆ అమ్మాయి సంచులు సర్దుతూ కారు డోర్ అంచు మీద చెయ్యి వేసింది. వాడు చూశాడు. చూసే డోర్ వేశాడు. ఎముక విరిగిన చప్పుడు నా దాకా వినిపించింది. ఆమె అరవలేదు, పెదవి కొరుక్కుంది. వాడు డోర్ తీసి, జడ పట్టుకుని, ఆమె నుదుటిని కారు టాప్‌కేసి కొట్టాడు. షాపింగ్ కార్ట్‌లో ఐదేళ్ళ పిల్ల కూర్చుని చూస్తోంది.

నా చేతిలో నా పేరున్న బోర్డు ఉంది, పచ్చికలో గుచ్చడానికి కింద రెండు ఇనప కాళ్ళది. పరిగెత్తుకెళ్ళి వీపు మీద ఒకటి వేశాను. వాడు తిరిగాడు. చెవి మీద ఇంకొకటి వేశాను. నెత్తురు కాలర్ మీదికి కారింది.

"ఎవర్తివే నువ్వు?"

"లాయర్నిరా. నీ పాలిటి యముణ్ణి. రా ముందుకి!"

వాడు ఒక అడుగు వేశాడు. ఇనప కాళ్ళు వాడి కళ్ళకి గురిపెట్టాను. పొడిచేదాన్నే, అబద్ధమెందుకు. జనం మూగేసరికి పెళ్ళాన్నీ పిల్లనీ సరుకుల్నీ అక్కడే వదిలేసి కారెక్కి పోయాడు.

ఆమె పేరు అంకిత. పిల్ల ఇషా. వాడు దివాకర్, శాంటా క్లారాలో ఏదో కంపెనీలో ఇంజనీరు. వాళ్ళిద్దర్నీ నా కారులో అర్జెంట్ కేర్‌కి తీసుకెళ్ళాను. రెండు వేళ్ళు విరిగాయి. ఎలా అయిందని డాక్టర్ అడిగితే "కార్ డోర్ పడింది" అంది అంకిత. నేను ఏమీ అనలేదు. వాడి చెవి నెత్తురు సంగతి కూడా బయటికొస్తుంది కదా. సోమవారం అంతా పద్ధతిగా చేద్దాం.

ఆగస్టు 19

తల్లీ కూతుళ్ళిద్దరూ మా ఇంట్లోనే ఉన్నారు. నా మొగుడు రాజగోపాల్ ఇషాకి దోసెలు చిన్న చిన్నగా పోసి పెడుతున్నాడు. మాకు పిల్లలు లేరు. ఇంట్లో చిన్నపిల్ల గొంతు వింటే ఆయన ముఖమే మారిపోయింది.

అంకితని పక్కన కూర్చోబెట్టుకుని అడిగాను. కొత్త క్లయింట్ ఎవరొచ్చినా నేను మొదట చేయించేది ఒకటే. కొట్టినవాడి పేరు పెట్టి, గట్టిగా, నా ముఖం చూసి చెప్పాలి. 2001లో నేర్చుకున్నాను ఇది. లాయర్ల బార్ ఎగ్జామ్ రెండోసారికి పాసై, రెండు టేబుళ్ళు పట్టే ఆఫీసు తెరిచిన కొత్తలో, న్యూయార్క్‌లో టవర్లు కూలిన వారానికే పెట్రోల్ బంకులో పనిచేసే మన గుంటూరు కుర్రాడి తల ఇనప రాడ్డుతో పగలగొట్టారు. హాస్పిటల్లో అడిగితే "జారిపడ్డానండి" అన్నాడు. వాడి చేత నిజం చెప్పించడానికి నాకు తలప్రాణం తోకకొచ్చింది. చెప్పాక కొట్టినవాళ్ళు జైలుకెళ్ళారు. అప్పట్నుంచే నాకు పేరు. లాయరమ్మ దగ్గరికెళితే చూసుకుంటుంది అని మనవాళ్ళు అనేది ఆ కేసు వల్లే. ఇవాళ ఓటు అడిగే ముఖం వచ్చిందీ అందుకే.

అంకిత నా కళ్ళలోకి చూసి చెప్పింది. "దివాకర్ నన్ను కొడ్తడు. పెండ్లయినప్పటి నుంచి కొడ్తనే ఉన్నడు." చెప్పి ఏడవలేదు. "కోర్టుల ఎప్పుడేస్తరు అక్కా?" అంది.

రేపే వేస్తానన్నాను. వాడు ఆమె దరిదాపులకి రాకూడదని జడ్జి ఆర్డర్ ఇస్తాడు, ఇల్లు వదిలిపెట్టి పోవాల్సింది వాడే అని వివరించాను. పిటిషన్ మీద సంతకం పెట్టింది.

ఆగస్టు 20

పొద్దున్నే డాక్టర్ గౌరీశంకర్ గారి ఫోన్.

ఆయన్ని కాదనేవాళ్ళు ఈ ఊళ్ళో తెలుగువాళ్ళలో లేరు. డెబ్బై ఒకటిలో అమెరికా వచ్చిన మనిషి. గుండె డాక్టరుగా రిటైరయ్యారు. కొత్తగా దిగిన కుటుంబానికి అద్దె ఇల్లు చూడ్డం దగ్గర్నుంచి మొగుడూ పెళ్ళాల తగువు తీర్చడం దాకా అన్నీ ఆయన హాల్లోనే. నన్ను పోటీ చెయ్యమని నిలబెట్టిందీ ఆయనే. ఆయన చెప్తే మనవాళ్ళ ఓట్లు ఒక్కటి కూడా బయటికి పోదు.

"అమ్మా రేణూ, నువ్వు దివాకర్‌ని కొట్టడం ఎవరో ఫోన్‌లో వీడియో తీశారు. నేను డిలీట్ చేయించానులే. భయపడకు."

కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"వాడు కూడా నీ మీద కంప్లైంట్ ఇవ్వడు. నేను మాట్లాడాను. ఆదివారం మా ఇంటికి అందరూ భోజనానికి రండి. ఇద్దర్నీ కూర్చోబెట్టి చెబుదాం. నీ పిటిషన్ ఒక్క వారం ఆగదా?"

"అంకుల్, వేళ్ళు విరగ్గొట్టాడండీ."

"కేసైతే వాడి హెచ్‌వన్ పోతుందమ్మా. వాడి వీసా పోతే తల్లీ పిల్లా కూడా ఫ్లైట్ ఎక్కాల్సిందేగా. ఎవర్ని కాపాడినట్టు?"

దీనికి సమాధానం నాకు తెలుసు. దెబ్బలు తిని పోలీసులకి సాయం చేసినవాళ్ళకి వేరే వీసా ఉంది. ఎంతమందికి ఇప్పించానో. ఇవాళ మాత్రం సరే అంకుల్ అన్నాను.

వెయ్యలేదు. ఒక వారమే కదా.

ఆగస్టు 22

ఆఫీసుకి దివాకర్ ఫోన్. "నీ బోర్డులతోనే నీకు పాడె కడతా" అన్నాడు. నేను అన్న మాటలు ఇక్కడ కూడా రాయను.

ఆగస్టు 23

భోజనాల వేళ ముందు గది కిటికీ పగిలింది. అరిచేతంత రాయి సోఫాలో పడింది. ఇషా జుట్టు నిండా గాజు ముక్కలు. పిల్ల ఏడవలేదు. తల్లిలాగే పెదవి కొరుక్కుంది. అది చూసేసరికి నాకు ఒళ్ళు తెలియలేదు. చపాతీ కర్ర పట్టుకుని వీధిలోకి పరిగెత్తాను. వాడి కారు మలుపు తిరిగిపోయింది. మా వీధి పొడుగునా నా బోర్డులు విరిచి పడేసి ఉన్నాయి. వెనక్కొచ్చి చేతికందిన పళ్ళెం నేలకేసి కొట్టాను. అన్నం గోడల నిండా పడింది.

"పోలీసులకి ఫోన్ చేద్దాం" అన్నాడు రాజగోపాల్.

"వద్దు."

"నువ్వేనా ఈ మాటంటోంది?"

"ఆదివారం తేలుతుందిగా. మూడు రోజులు నోరు మూసుకో."

అంకిత కూతురి తలలో గాజు ముక్కలు ఏరుతూ, తల తిప్పకుండా అడిగింది. "కోర్టుల వేసిన్రా అక్కా?"

ఆదివారం తరవాత అన్నాను. సరే అక్కా అంది. మీరెట్లంటే అట్ల అంది.

ఆగస్టు 26, ఆదివారం

అయిపోయింది. మంచిగానే అయింది.

గౌరీశంకర్ గారి హాల్లో అందరం కూర్చున్నాం. దివాకర్ చెవికి కట్టుతో వచ్చి నా కాళ్ళకి దణ్ణం పెట్టాడు. ఒత్తిడి అంకుల్, లేఆఫ్ భయం అంకుల్, అంటూ ఏడ్చాడు. ఏడిచే మొగాళ్ళని కోర్టులో ఎంతమందిని చూశాను! ఒక్కణ్ణీ నమ్మలేదు. ఇవాళ నమ్మాను. ఇది కోర్టు కాదు కదా.

అంకిత ఏమంటుందని ఆయన అడిగారు. అందరూ ఆమె వైపు చూశారు. ఆమె నా వైపు చూసింది. నేను, "ఒక అవకాశం ఇచ్చి చూద్దామా అమ్మా?" అన్నాను. తల ఊపింది.

అప్పుడాయన, "ఊరికే మాట కాదు, ప్రమాణం చెయ్యాలి" అన్నారు. పూజగది అద్దాల తలుపులు తెరిచారు. ఇషాని పిలిచి దేవుడి ముందు నిలబెట్టారు. దివాకర్ కుడిచెయ్యి పిల్ల నెత్తి మీద పెట్టాడు. "ఇంకెప్పుడూ అంకిత మీద చెయ్యి చేసుకోను. తప్పితే నా బిడ్డ నాకు దక్కదు" అన్నాడు. మనవాళ్ళకి బిడ్డ నెత్తి మీద ప్రమాణమంటే మాటలా? జడ్జి సంతకం కంటే గట్టిది. ఎంత వెధవైనా బిడ్డ మీద ఒట్టు తప్పుతాడా?

"అంటే ఏంటి మమ్మీ?" అంది ఇషా, దాని అమెరికా యాసతో. "డాడీ ప్రామిస్ బ్రేక్ చేస్తే నాకేం అవుతుంది?"

పెద్దవాళ్ళంతా నవ్వారు. అంకిత నవ్వలేదు. పిల్లని గబుక్కున దగ్గరికి లాక్కుని రెండు చేతులూ దాని తల మీద కప్పింది, విరిగిన వేళ్ళ కట్టుతో సహా.

తరవాత భోజనాలు. గుత్తి వంకాయ బాగా కుదిరింది. మా ఇంట్లో ఉన్న బట్టల సంచీ తీసుకుని ముగ్గురూ ఒక్క కారులో వెళ్ళారు. పిటిషన్ ఆఫీసు సొరుగులో పెట్టేశాను.

ఆగస్టు 27

రాజగోపాల్ నాతో మాట్లాడటం లేదు. అంకితే కదా రాజీ అడిగింది. అందరికీ అదే చెబుతున్నాను.

సెప్టెంబర్ 3

లేబర్ డే పిక్నిక్. నాకు ఓటు వెయ్యమని గౌరీశంకర్ గారు మైకులో చెప్పారు. ఒకటే చప్పట్లు. దివాకర్ వాలంటీరయ్యాడు! విరిగిన బోర్డులకి తనే కొత్తవి తెచ్చి, సుత్తి పట్టుకుని ఇంటింటి ముందూ దిగ్గొడుతున్నాడు. "అక్కా, మీ గెలుపు నా బాధ్యత" అన్నాడు. మనిషి మారతాడు. మారాడా లేదా?

సెప్టెంబర్ 22

తెలుగు అసోసియేషన్ వినాయక చవితి. హాల్లో ఉక్కపోస్తోంది. అంకిత మెడ దాకా మూసిన పొడుగు చేతుల డ్రెస్ వేసుకొచ్చింది. ఒక పక్క పెదవితోనే నవ్వుతోంది.

"ఎట్లా ఉన్నావు?"

"మంచిగున్న అక్కా. ఏం లేదు. ఏం కాలే. ఇషా మంచిగుంది."

నేను ఇషా గురించి అడగలేదు. అయినా చెప్పింది. సరే, ఏమీ లేదంది కదా. తన నోటితో తనే చెప్పింది.

ఇషా మాత్రం సైకిల్ హెల్మెట్ పెట్టుకుని హాలంతా తిరుగుతోంది, గులాబీ రంగుది. పట్టు పరికిణీ మీద హెల్మెట్! చూసినవాళ్ళంతా పడీపడీ నవ్వారు. "ఇంట్లో కూడా తియ్యదండీ, పడుకున్నా తియ్యదు" అన్నాడు దివాకర్ మురిసిపోతూ. నాకు ముద్దొచ్చింది. నెత్తి మీద తట్టబోతే దూరంగా పారిపోయింది.

అక్టోబర్ 9

పోస్టులో ఓటు వేసే బ్యాలెట్లు ఇళ్ళకి వచ్చాయి. తెలుగువాళ్ళు టేబుల్ చుట్టూ కూర్చుని నా పేరు నింపి ఫోటోలు పంపుతున్నారు.

అక్టోబర్ 14

రాజగోపాల్ ఇవాళ నోరు తెరిచాడు, తెరవకపోయినా బాగుండేది.

"ఆ అమ్మాయి నడక చూశావా? పక్కటెముకలు పట్టుకుని నడుస్తోంది."

"తనే ఏమీ లేదంటుంటే నేనేం చెయ్యను?"

"జారిపడ్డానన్న కుర్రాణ్ణి ఎన్ని రోజులు వదలకుండా అడిగావో మర్చిపోయావా? ఇప్పుడెందుకు అడగవు? ఓట్లు అయ్యేదాకానా?"

నేను కొట్టలేదు. గ్లాసు విసిరాను. ఆయన వైపు కాదు, పక్కకి. తగిలింది. కనుబొమ చీరుకుపోయి నెత్తురు కళ్ళలోకి కారింది. గుడ్డ తెచ్చి అదిమి పట్టుకుంటే నా చెయ్యి తోసేశాడు. తనే అద్దంలో చూసుకుంటూ ప్లాస్టర్ వేసుకున్నాడు.

"రేపు ఆఫీసులో అడిగితే అల్మారా తలుపు తగిలిందని చెప్తాలే" అన్నాడు. "కంగారు పడకు. ఎలా చెప్పాలో మన ఇంట్లో ఉన్నప్పుడు అంకిత దగ్గర నేర్చుకున్నాను."

అక్టోబర్ 15

ఒకటి రెండు సార్లు అంకితకి ఫోన్ చెయ్యబోయి మానేశాను. ఎలక్షన్ అవ్వగానే చేస్తాను. రాజీ అడిగింది తనే.

నవంబర్ 3, శనివారం

ఆఖరి ర్యాలీ. పార్కు నిండా మనవాళ్ళే. పిల్లలందరి చేతా బోర్డులు పట్టించి నా చుట్టూ నిలబెట్టి ఫోటో తీశారు. ఇషా హెల్మెట్‌తోనే వచ్చింది. "తీసెయ్యి తల్లీ, నీ ముఖం కనపడాలిగా" అన్నాను. తియ్యనంది. బతిమాలాను. రెండు చేతులతో బెల్టు పట్టుకుని ఏడుపు లంకించుకుంది. ఫోటోగ్రాఫర్ విసుక్కుంటున్నాడు. "చెప్తే వినవేంటే" అని దివాకర్ బెల్టు ఊడపీకి దాన్ని టేబుల్ మీద పడేశాడు. ఫోటోలో అందరూ నవ్వుతున్నారు, ఇషా తప్ప. తల మీద రెండు చేతులూ పెట్టుకుని నిలబడింది.

నవంబర్ 4

హాస్పిటల్ నుంచి ఇప్పుడే వచ్చాను.

మధ్యాహ్నం వాళ్ళింట్లో. ఎందుకు కొట్టాడో రాయను. రాస్తే వాడికి కారణం ఉన్నట్టవుతుంది. దివాకర్ అంకితని ప్రెషర్ కుక్కర్‌తో కొట్టాడు. దవడ రెండు చోట్ల విరిగింది. కింద పడ్డాక మళ్ళీ ఎత్తాడు. ఇషా అడ్డం వచ్చింది. ఆ దెబ్బ పిల్ల నెత్తి మీద పడింది. పక్కింటి ముసలాయన గోడ అవతల నుంచి విని 911కి ఫోన్ చేశాడు. లేకపోతే ఇద్దరూ పోయేవాళ్ళే.

ఇషాకి పుర్రె చిట్లింది, నుదుటి నుంచి చెవి దాకా కుట్లు. ప్రాణానికి భయం లేదన్నారు. దివాకర్‌ని పోలీసులు పట్టుకెళ్ళారు.

రేపటి కరపత్రాల కోసం కారు డిక్కీ తెరిచాను. నిన్న వాలంటీర్లు బోర్డులతో పాటు సర్దేసినట్టున్నారు. గులాబీ రంగు హెల్మెట్ నా కారులో ఉంది.

నవంబర్ 5

అంకిత పోలీసులకి ఏమీ చెప్పడం లేదు. దవడకి తీగలు బిగించి కట్టారు. పళ్ళ సందుల్లోంచి మాట వస్తుంది. అయినా చెప్పడం లేదు. "మెట్ల మీంచి పడ్డం" అంటోందట. వాళ్ళది మెట్లు లేని అపార్ట్‌మెంట్. ఆమె చెప్పకపోతే కేసు నిలవదు, వాడు ఇంటికొచ్చేస్తాడు. ఈసారి చంపుతాడు. డిటెక్టివ్ అమ్మాయి నా దగ్గరికొచ్చి, మీ భాష మనిషి కదా కాస్త మాట్లాడండి అంది.

వెళ్ళాను. "చెప్పు అంకితా. పేరు పెట్టి చెప్పు. నాకు చెప్పావు కదా."

తల అడ్డంగా ఊపింది. ఇషా మంచం వైపు చూపించింది. నాకు అప్పుడు అర్థమైంది. ఇన్నాళ్ళూ అంకిత ఎవరికీ చెప్పనిది వాడికి భయపడి కాదు. వాడు కొట్టాడని ఆమె నోట బయటపడిన రోజున ఒట్టు తప్పినట్టు. ఒట్టు తప్పితే పిల్లకి ప్రమాదం. అందుకని వాడు కొట్టిన ప్రతిసారీ కొట్టలేదని చెప్పి కూతుర్ని కాపాడుకుంటోంది. "సెప్టెంబర్‌ల తెల్లారే జరమొచ్చింది దీనికి" అని మాత్రం అంది, ఏం జరిగిన తెల్లారో చెప్పలేదు. దాంతో గట్టిగా నమ్మేసింది. ఆ హాల్లో మేమందరం కలిసి వాడి చేతులు కట్టలేదు. అంకిత నోరు కుట్టాం.

కారిడార్‌లో గౌరీశంకర్ గారు. "రెండ్రోజులు ఆగమ్మా. మంగళవారం దాటనీ. నువ్వు ఇందులో ఉన్నట్టు పేపర్‌లో వచ్చిందనుకో, అంతా బూడిదలో పోసిన పన్నీరే."

ఆగాను.

నవంబర్ 6

గెలిచాను.

నవంబర్ 8

గౌరీశంకర్ గారింట్లో సన్మానం. దండ వేశారు, చప్పట్లు కొట్టారు, జిలేబీలు పంచారు. ఆయన మైకు లేకుండానే మైకులో మాట్లాడినట్టు మాట్లాడారు. "మన రేణు కోర్టులు తెలిసిన మనిషే. అయినా మన ఇంటి విషయం మన ఇంట్లోనే తీర్చుకోవాలని నమ్మిన బిడ్డ."

ఆయన వెనకాల పూజగది అద్దాల తలుపులు. ఆ రోజు పిల్లని నిలబెట్టిన చోటు అక్కణ్ణుంచి కనిపిస్తోంది. పక్కన ఉన్న ఇత్తడి దీపపు కుందె ఎత్తాను. జానెడు పొడుగున్నా బరువైనది. బలమంతా పెట్టి విసిరాను. ఒక తలుపు మొత్తం గలగలా రాలింది. రెండోది పగలకపోతే వెళ్ళి కాలితో తన్నాను. మడమ కోసుకుపోయింది. ఆడవాళ్ళు కెవ్వుమన్నారు. మెడలో దండ తెంపి ఆయన ముఖాన కొట్టాను.

"ఎన్ని ఇళ్ళల్లో చేయించారండీ ఇలా? ఎంతమంది పిల్లల నెత్తి మీద పెట్టించారు చేతులు?"

ఆయన నుదుటి మీద చిన్న గాజు ముక్క గీసుకుని నెత్తురు చుక్క వచ్చింది. రుమాలుతో తుడుచుకుని, అందరి వైపూ తిరిగి, "ఏం కాలేదు, ఏం కాలేదు. టెన్షన్‌లో ఉంది. ఈ సంగతి బయటికి పోనివ్వకండి. మన ఇంటి విషయం" అన్నారు.

అంతమందిలో ఒక్కళ్ళు కూడా ఫోన్ తియ్యలేదు. పోలీసుల్ని పిలవండి అని నేనే అరిచాను. ఎవరూ పిలవలేదు. ఆయన తలుపులు పగలగొట్టినా అంతే, అంకిత దవడ పగలగొట్టినా అంతే. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. ఆయన మీద కోపం కాదు అది. ఆగస్టులో ఆ హాల్లో గుత్తి వంకాయ తిన్నది నేనే కదా.

నవంబర్ 9

రాజగోపాల్ డ్రైవ్ చేశాడు. నా మడమకి కట్టు, ఆయన కనుబొమ మీద మచ్చ. దారిలో చెప్పాను. "నేను నిన్ను కొట్టాను. పక్కకి విసరలేదు." ఆయన రోడ్డు మీంచి చూపు తిప్పకుండా, "తెలుసు" అన్నాడు. అంతే. ఆయన క్షమించాడో లేదో అడిగే ధైర్యం నాకు లేదు.

హెల్మెట్ తీసుకెళ్ళాను. ఇషా మంచం మీద కూర్చుని ఉంది, తల నిండా కట్టు. హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుని బెల్టు సరిచూసుకుంది. అంకిత పక్క కుర్చీలో.

"అంకితా, ఆ ప్రమాణం చెల్లదు. అబద్ధపు రాజీ మీద చేయించింది అది."

పళ్ళ సందుల్లోంచి, ఒక్కో మాటా లాగి లాగి అంది. "డాక్టర్ అంకుల్ నిన్న వచ్చిండు. రాజీ నేనే అడిగిన్నట. మీరు చెప్పిన్రట." ఊపిరి తీసుకుంది. "ఇషా నెత్తి మీద చెయ్యి పెట్టి చెప్పండి అక్కా. నేను అడిగిన్నా?"

నా చెయ్యి లేచింది. నిజమే చెప్పబోతున్నాను, ఒట్టు పెట్టడానికి భయమెందుకు అనుకున్నాను. చెయ్యి కట్టు దగ్గరికి వెళ్ళేసరికి ఇషా తల పక్కకి లాక్కుంది. గోడకి ఆనుకుపోయింది. హెల్మెట్ అడ్డం పెట్టుకుంది.

"వద్దు ఆంటీ, ప్లీజ్. మీరు ప్రామిస్ చేస్తే దెబ్బ నాకు తగుల్తుంది."

చెయ్యి దించేశాను. నాకు ఏడుపు ఆగలేదు. నేలమీద కూలబడ్డాను. అక్కణ్ణుంచే చెప్పాను, ఎవరి తల మీదా చెయ్యి పెట్టకుండా.

"నువ్వు అడగలేదు. కోర్టులో ఎప్పుడేస్తారని అడిగావు. రెండుసార్లు అడిగావు. నాకు ఓట్లు కావాలి కాబట్టి నేను ఆపాను. రాజీ అడిగింది నేను. వాడు కొడుతున్నాడని తెలిసి కూడా నిన్ను ఆ కారు ఎక్కించింది నేను."

అంకిత కొట్టింది. మంచిచేత్తో, చెంప మీద, ఉన్న బలమంతా పెట్టి. చెవి గింగురుమంది. ఇంకోటి కొడుతుందని కదలకుండా కూర్చున్నాను. కొట్టలేదు. ఇషా వైపు తిరిగి చాలాసేపు చూసింది. పిల్ల అలాగే ఉంది, ఊపిరి పీలుస్తూ, హెల్మెట్ బెల్టు నములుతూ.

తరవాత నాతో అంది. "ఆ పోలీసామెను పిలువున్రి."

డిటెక్టివ్ వచ్చింది. నన్ను బయటికి వెళ్ళమంటారేమో అనుకున్నాను, ఉండమంది అంకిత. తీగల మధ్య నుంచి, ఆమె ముఖం చూసి చెప్పింది. "దివాకర్ నన్ను కొట్టిండు. నా బిడ్డను కొట్టిండు."

తరవాత నన్ను చూపించింది. "ఈమెకు ఎరుకే. ఆగస్టు నుంచి ఎరుకే. ఈమెను అడుగున్రి."

అన్నీ చెప్పాను. బోర్డుతో వాడి చెవి పగలగొట్టిన దగ్గర్నుంచి.

నవంబర్ 12

సీటు వద్దని సిటీ క్లర్క్‌కి రాసిచ్చాను. లాయర్ లైసెన్స్ సంగతి బార్ వాళ్ళు తేలుస్తారు. గౌరీశంకర్ గారి ఫోన్లు ఎత్తడం లేదు. ఇంటి ముందు బోర్డు నేనే పీకేశాను. ఇనప కాళ్ళలో ఒకటి వంకర పోయి ఉంది. ఆ రోజుది.

డిసెంబర్ 11, మంగళవారం

ఇవాళ సాయంత్రం కౌన్సిల్‌లో కొత్త సభ్యుల ప్రమాణ స్వీకారం. నేను పొద్దున్నే కోర్టుకి వెళ్ళాను, ఈసారి సాక్షిగా.

కుడిచెయ్యి ఎత్తమన్నారు. ఎత్తాను. ఎన్ని వందల మంది ఎత్తగా చూశానో, దాని కింద ఎవరి తలా ఉండదన్న సంగతి ఇవాళే గమనించాను. దివాకర్ అటు పక్క కూర్చుని నన్నే చూస్తున్నాడు. చెవి మీద మచ్చ కనిపిస్తోంది.

"ఆగస్టులో పిటిషన్ ఎందుకు వెయ్యలేదు? మీ క్లయింట్ వద్దన్నారా?" అని వాడి లాయరు అడిగాడు.

"లేదు. వెయ్యమంది. దివాకర్ కొడుతున్నాడని నాకు తెలుసు. ఓట్ల కోసం నేను ఆపాను."

ఇంకా చాలా అడిగాడు. నన్ను ఏకిపారేశాడు. అడిగిన ప్రతిదానికీ చెప్పాను.

బయటికొస్తే బెంచీ మీద అంకిత, పక్కన ఇషా, గులాబీ రంగు హెల్మెట్‌తో. అంకిత నన్ను చూసి చూపు తిప్పుకుంది. నా తరవాత లోపలికి వెళ్ళాల్సింది ఆమే. ఇషా మాత్రం లేచి వచ్చి నా ముందు నిలబడింది.

"అయిపోయిందా ఆంటీ? ఇప్పుడు ఇది తీసెయ్యొచ్చా?"

తీసెయ్యమ్మా, ఇంకెవరూ కొట్టరు, ప్రామిస్, అని నోటి దాకా వచ్చింది. మింగేశాను.

"మీ అమ్మని అడుగు" అన్నాను.

ఇషా గడ్డం కింద బెల్టు పట్టుకుని వాళ్ళమ్మ దగ్గరికి పరిగెత్తింది.